ఆరు పాయింట్లు

సోమాజిగూడ హోటల్లో మూడో అంతస్తు హాలు.
ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ లాక్కుని
వెనక వరసలో కూర్చున్నాను, ఆదివారం పూట,
రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆరు పాయింట్లు తక్కువై.

మెడలో ట్యాగు మీద నా పేరు వకీలాదేవి.
వకుళ అని దిద్దమంటే
"సర్టిఫికెట్లు కూడా అచ్చయిపోయాయి మేడమ్" అన్నాడు అబ్బాయి,
సంచిలో రెండు పెన్నులూ ఒక పిల్లి మేత పొట్లమూ పెట్టి.

రాజేంద్రనగర్‌లో నేను చదివినప్పుడు
పిల్లి అంటే నోట్సులో ఒకటిన్నర పేజీ.
భుజం దాకా చెయ్యి పెట్టి
గేదె కడుపులో దూడ గిట్ట వెతకడం మా చదువు.
ఇప్పుడు బొటనవేలంత ప్రోబుతో
రేగుపండంత గుండెని వెతకాలట.

పాఠం చెప్పేవాడు నాకంటే ఇరవైరెండేళ్లు చిన్న.
నేను పేరు చెక్కిన బెంచీల మీదే చదివాడు.
తెర మీద బూడిదరంగు గుండె ఒకటి
వాన నీళ్లలో కప్పలా ఎగిరెగిరి పడుతోంది.
"ఎడమ గది ఇలా ఉబ్బితే నెత్తురు నిలవుంటుంది, గడ్డ కడుతుంది.
ఆ గడ్డ కిందికి జారి
పెద్ద ధమని రెండుగా చీలే చోట ఇరుక్కుంటుంది.
వెనక కాళ్లు పడిపోతాయి. అరుస్తుంది.
నడుం విరిగిందనుకుంటారు చాలామంది.
ఎక్స్-రే కంటే ముందు పాదాలు ముట్టుకోండి.
చల్లగా ఉంటాయి."

పక్కన కూకట్‌పల్లి డాక్టరు గబగబా రాసుకుంటున్నాడు.
నా దగ్గర రెండు పెన్నులున్నాయి.

మల్లేపల్లి. తొమ్మిదేళ్ల కింద, రంజాన్ నెల.
పండగ బట్టల గిరాకీ మధ్యలో మిషన్ వదిలేసి
షేర్వానీ లైనింగు గుడ్డలో చుట్టి
గఫార్ సాబ్ తెచ్చిన పిల్లి. పేరు మల్మల్.
వెనకాలే మనవడు ముదస్సిర్,
పదేళ్లవాడు, చెప్పుల్లేకుండా.
"పావాఁ ఠండే హోగయే డాక్టరమ్మా"
అన్నాడు ముసలాయన.
కొలతలు తీసే చేతులవి, అంగుళం తప్పవు.
మళ్లీ అన్నాడు.
నేను ఫిల్మును వెలుగుకి ఎత్తి పట్టుకుని,
అందులో ఏమీ లేకపోయినా,
"ఎత్తు నుంచి పడింది" అన్నాను.
డాబా మీద దాన్ని ఎత్తుకు తిరిగేది ఎవరో
ఆ గదిలో ఇద్దరికి తెలుసు.
ముసలాయన మనవడి వైపు ఒక్క చూపు చూశాడు.
నేను ఫీజు వద్దన్నాను,
అదేదో దయ అయినట్టు.

బిర్యానీ వరస మెట్ల దాకా సాగింది.
సంచి తీసుకుని లేస్తే
"మధ్యాహ్నం సంతకం పెట్టకపోతే మూడు పాయింట్లే మేడమ్"
అన్నాడు అదే అబ్బాయి.
మూడే వెయ్యి నాయనా అన్నాను.

దుకాణం ఉంది. బోర్డు మీద అక్షరాలు సగం రాలాయి.
మిషన్ మీద లేత గడ్డం కుర్రాడు.
నన్ను గుర్తుపట్టలేదు.
మల్మల్ అన్నాక పెడల్ ఆగింది.

కటింగు బల్ల మీద నల్ల గుడ్డ పరిచుంది.
సుద్దబిళ్ల అడిగి గీశాను:
నాలుగు గదులు, ఒక గొట్టం, చీలిక దగ్గర చుక్క.
"జబ్బు ఇక్కడ. లోపల ఎన్నాళ్లుగా ఉందో.
పడటం వల్ల కాదు. నాకు తెలీక అలా చెప్పాను."

చాలాసేపు బొమ్మనే చూశాడు.
బట్ట ఎవరిదో, ఎంత ఖరీదో నేను అడగలేదు.
"నా చేతుల్లోంచి జారింది మేడమ్" అన్నాడు. "ముందురోజు.
మా దాదాకి కూడా చెప్పలేదు.
కానీ లేచి నడిచింది."
"నడిచిందా?"
"నడిచింది. పాలు కూడా తాగింది."
"మరి!" అన్నాను.
ఇంకేదో అనాల్సింది, గొంతు రాలేదు.

లోపలి మంచం మీంచి "క్యా బోల్రైఁ?" అని దగ్గు.
ముదస్సిర్ వెళ్లి చెవిలో అరిచి చెప్పాడు,
దిల్ అనీ, ఖూన్ అనీ,
నేను కాదు దాదా అనీ.

గఫార్ సాబ్ లేచి కూర్చుని
నాకు అర్థం కాదేమోనని తెలుగులో అడిగాడు:
"నేను చెప్పలేదా, కాళ్లు చల్లగున్నయని?"

చెప్పారు, అన్నాను.
రెండుసార్లు.